ఒక్క ఇమేజ్, ఊరందరికీ: సిస్టమ్ మెకానిక్ సోదరులకు కడియం చిట్కాలు

కడియపులంకలో హైవే దిగి ఏ నర్సరీలోకి వెళ్లినా ముందు ఒక రేకుల షెడ్డు, అందులో ఒక బల్ల, బల్ల మీద ఎర్రమట్టి దుమ్ము పట్టిన ఒక సిస్టమ్ కనిపిస్తాయి. బిల్లులు అందులోనే. హైదరాబాదు, బెంగళూరు ఆర్డర్లు వచ్చే వాట్సాప్ అందులోనే. తొలకరి పడ్డాక మొక్కల బేరం ఆగదు కాబట్టి సరిగ్గా అప్పుడే ఆ సిస్టమ్ ఆగుతుంది. సీపీయూని మోటార్ సైకిల్ మీద ఒళ్లో పెట్టుకుని మన షాపుకి తెచ్చి, "ఫార్మాట్ కొట్టి సాయంత్రానికల్లా ఇచ్చెయ్యండి బాబూ" అంటారు. అందులో ఏం ఎక్కించాలో మన జేబులోని పెన్‌డ్రైవ్ నిర్ణయిస్తుంది. ఆ పెన్‌డ్రైవ్‌ని ఒక్కసారి తయారు చేసుకుని, మళ్లీ దాని మొహం చూడకుండా పదేళ్లు ఎలా బతకొచ్చో చెబుతాను, వినండి.

సూత్రం కడియం వాళ్లకి కొత్త కాదండి. ఒక తల్లి చెట్టు ఉంటే వేల అంట్లు కడతారు. తల్లికి తెగులుంటే అంట్లన్నిటికీ తెగులే గనక ఆ చెట్టుని రైతు కంటికి రెప్పలా చూసుకుంటాడు. మనకంత శ్రమ అక్కర్లేదు. అంటు చచ్చిపోతే కొన్నాయన తిరిగొచ్చి మొహాన కొడతాడు. సిస్టమ్ చచ్చిపోతే ఆయన కరెంటు వాళ్లని తిడతాడు.

అప్‌డేట్లు ముందే కలిపే ఈ చాదస్తం అసలు ఎక్కడిది?

విండోస్ ఐఎస్ఓ ఫైల్లో, అంటే మనం ఎక్కించే ఇమేజ్‌లో, ఆ ఫైలు తయారైన రోజు వరకు వచ్చిన దిద్దుబాట్లే ఉంటాయి. ఆ తర్వాత వచ్చినవాటిని ముందే అందులో కలిపేస్తే, ఎక్కించగానే సిస్టమ్ తాజాగా లేస్తుంది. ఈ అలవాటు ఎక్స్‌పీ కాలం నాటిది. 2003 ఆగస్టు 11న బ్లాస్టర్ అనే పురుగు బయటపడింది. దాని మందుని మైక్రోసాఫ్ట్ జూలై 16నే ఇచ్చేసింది. అయినా కొత్తగా ఎక్స్‌పీ వేసిన సిస్టమ్‌కి డయలప్ వైరు తగిలిస్తే మందు దిగేలోపే పురుగు దిగేది. సిస్టమ్ ఆగిపోతోందంటూ తెర మీద అరవై సెకన్ల లెక్క మొదలయ్యేది. అందుకని ఆ రోజుల్లో పెద్దలు సర్వీస్ ప్యాక్‌ని సీడీలోనే కలిపి కొత్త సీడీ రాసుకునేవారు. ఎన్‌లైట్ అనే చిన్న ప్రోగ్రాంతో సాటా డ్రైవర్లూ కలిపేవారు. ఫ్లాపీ డ్రైవే లేని ల్యాప్‌టాప్‌లో ఎఫ్6 నొక్కి ఏ ఫ్లాపీ పెడతారు మరి? డ్రైవర్ కలపకపోతే హార్డ్ డిస్క్ కనపడదు, కనపడేది నీలం తెరే.

విండోస్ 7 వచ్చాక ఇంకో బాధ. సర్వీస్ ప్యాక్ 1 ఉన్న డీవీడీతో ఎక్కించి అప్‌డేట్ నొక్కితే ప్రాసెసర్ నూటికి నూరు తిరుగుతూ, పూటలు గడిచినా ఇంకా వెతుకుతూనే ఉండేది. 2016 మేలో మైక్రోసాఫ్ట్ జాలిపడి, అయిదేళ్ల దిద్దుబాట్లని దాదాపుగా ఒకే మూట కట్టి ఇచ్చింది. ఇమేజ్‌లో కలుపుకోవచ్చంది కూడా. అయితే 2015 ఏప్రిల్ నాటి సర్వీసింగ్ స్టాక్ అప్‌డేట్ ముందు పడితేనే ఆ మూట విప్పుకుంటుందని షరతు పెట్టింది. ఆ షరతు చదవకుండా మూట ఒక్కటే వేసి, పడలేదని తిట్టుకున్నవారే మన వృత్తిలో నిజమైన మార్గదర్శకులు.

ఇప్పుడు ఊరూరా ఫైబర్ నెట్టు వచ్చేసింది కదా, కలపడం దేనికి అంటారా? బిల్లులో "అన్ని అప్‌డేట్లతో సహా" అని రాస్తే ఇంకో రెండొందలు వస్తాయి. అందుకని కలపాలి, లేదా కలిపినట్టుండాలి.

ఐఎస్ఓ సేకరణ

మైక్రోసాఫ్ట్ సైట్లో ఐఎస్ఓ నేరుగా, ఊరికే దొరుకుతుంది. ఊరికే వచ్చినదానికి విలువేముంటుందండి? టెలిగ్రామ్‌లో ఎవరో ముక్కూమొహం తెలియని మహానుభావుడు తన చేత్తో వండిన ఐఎస్ఓ పెడతాడు. అప్‌డేట్లు ఆయనే కలిపాడు, యాక్టివేషన్ ఆయనే చేశాడు, డిఫెండర్ ఆయనే పీకేశాడు. ఇంత సేవ ఊరికే ఎందుకు చేస్తున్నాడని అడక్కండి. అడిగితే గ్రూపులోంచి తీసేస్తారు.

షా-256 సరిచూడమని కొందరంటారు. అసలు ఫైలు మీద ఒక్క అక్షరం మారినా పూర్తిగా వేరే వచ్చే 64 అక్షరాల గుర్తు అది. పవర్‌షెల్‌లో ఒక్క ఆదేశంతో తేలిపోతుంది, నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషంలో టీ తాగొచ్చు.

ముహూర్తం

మైక్రోసాఫ్ట్ నెలనెలా రెండో మంగళవారం అప్‌డేట్లు విడుదల చేస్తుంది. మన లెక్కన మంగళవారం రాత్రి బాగా పొద్దుపోయాక. మంగళవారం మంచి పని మొదలుపెట్టే ఇల్లు మన గోదావరి జిల్లాల్లో ఉందా అసలు? ఆపైన ఆషాఢం, మూఢం, పీడ దినాలు. ఇవన్నీ చూసుకుని దిగితే ఏడాదికొక్క ముహూర్తం కుదురుతుంది. అదీ మనకి నర్సరీ ఆర్డర్ల హడావిడి లేకపోతేనే.

2017లో ఈ పద్ధతి ఎంత గొప్పదో ప్రపంచమంతా చూసింది. మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక రంధ్రానికి దిద్దుబాటు ఇచ్చింది. మే 12న ఆ రంధ్రం గుండానే వానాక్రై అనే పురుగు వచ్చిపడింది. మధ్యలో 59 రోజులు. ఉగాది వచ్చి వెళ్లింది, శ్రీరామనవమి కల్యాణాలు అయిపోయాయి. ఆ దిద్దుబాటు మాత్రం చాలా సిస్టమ్‌లకి చేరలేదు. చేరనివాటిలో మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని ఉన్నాయి. ఫైళ్లకి తాళం వేసి, మూడొందల డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమనే ఎర్ర కిటికీ వాటి మీదా తెరుచుకుంది. దెబ్బ తిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 సిస్టమ్‌లే. మార్చి దిద్దుబాటు కలిపిన ఇమేజ్‌తో ఏప్రిల్‌లో ఫార్మాట్ కొట్టిన సిస్టమ్‌ల మీద ఆ రంధ్రం గుండా పురుగు పారలేదు. చూశారా, వాటి యజమానులకి చెప్పుకోడానికి ఒక్క కథ కూడా మిగల్లేదు.

వరస తప్పడం అనే కళ

ఇక అసలు పని. విండోస్‌లోనే ఉండే డిస్మ్ అనే పరికరంతో ఇమేజ్‌ని ఒక ఫోల్డర్లో విప్పి, అప్‌డేట్లు చేర్చి, మళ్లీ మూసెయ్యాలి. చేర్చడానికి ఒక వరస చెబుతారు: ముందు సర్వీసింగ్ స్టాక్, తర్వాత భాషలూ అదనపు ఫీచర్లూ, తర్వాత నెలవారీ క్యుములేటివ్, అటుపైన పాత ముక్కల క్లీనప్, ఆఖరున డాట్‌నెట్ 3.5, దాని అప్‌డేటు. మనం దీన్ని కిందనుంచి పైకి చేద్దాం.

సర్వీసింగ్ స్టాక్ అంటే అప్‌డేట్లని ఎక్కించే యంత్రాంగమే. దాన్ని ముందు మారుస్తేనే తర్వాతవి ఎక్కుతాయి. 2021 నుంచి విండోస్ 10లో క్యుములేటివ్‌తో కలిపి ఒకే ప్యాకెట్‌లో ఇస్తున్నారు కాబట్టి తప్పు చేసే అవకాశం తగ్గిపోయింది, అది మన దురదృష్టం. ఆ లోటు తీర్చడానికన్నట్టు విండోస్ 11 24హెచ్2లో చెక్‌పాయింట్ అని కొత్త తిరకాసు వచ్చింది. తాజా క్యుములేటివ్‌కి ముందు మెట్టుగా ఇంకో అప్‌డేట్ ఉండొచ్చు. రెండింటినీ వేరే అప్‌డేట్లేవీ లేని ఒక ఫోల్డర్లో పెట్టి డిస్మ్‌కి చూపించమంటారు. మీరు మాత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నే చూపించండి. అందులో ఆర్మ్ ప్రాసెసర్‌వీ, సర్వర్‌వీ, పోయినేడాదివీ, పొరపాటున దించిన సినిమా పాటలూ ఉంటాయి. ఏది సరిపడుతుందో డిస్మ్‌నే తేల్చుకోనివ్వండి. "ఈ ఇమేజ్‌కి వర్తించదు" అని వస్తే ఎంటర్ గట్టిగా నొక్కండి.

తెలుగు ఫాంట్ల దగ్గర ఒక రుచికరమైన తప్పుంది. మన గోదావరి పాయ పేరున్న గౌతమి ఫాంట్ ఎక్స్‌పీ నాటినుంచి విండోస్‌తోనే వచ్చేది. విండోస్ 10 నుంచి గౌతమినీ, వాణినీ అదనపు ఫీచర్‌గా పక్కన పెట్టి, నిర్మల ఒక్కదాన్నే లోపల ఉంచారు. పాత బిల్లు నమూనా గౌతమిలో కట్టుకున్న నర్సరీ యజమానికి కొత్త సిస్టమ్‌లో వరసలన్నీ జరిగిపోయి, మొక్క పేరు ఒక గడిలో, ధర ఇంకో గడిలో పడుతుంది. కాబట్టి ఆ ఫీచర్‌ని ఇమేజ్‌లో కలపడం న్యాయమే. ఎప్పుడు కలపాలంటే, క్యుములేటివ్ పడిపోయాక. అలా కలిపితే కొత్తగా చేరిన ముక్కలు ఇమేజ్ పుట్టిన నాటివి కాబట్టి క్యుములేటివ్‌ని ఇంకోసారి చేర్చాలని నియమం. ఇంకోసారి అంటే ఇంకో అరగంట. వదిలెయ్యండి, ఎవరు చూడొచ్చారు?

డాట్‌నెట్ 3.5 సంగతీ అంతే. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని అది లేనిదే లేవవు. దాన్ని ముందే ఆన్ చేసి, తర్వాత క్లీనప్ కొట్టండి. పెండింగ్ పనులున్నాయంటూ క్లీనప్ మొరాయిస్తుంది. పాత ముక్కలు ఎక్కడివక్కడే ఉండిపోయి ఫైలు నిండు గర్భిణిలా తయారవుతుంది.

పని సగంలో ఉండగా గాలివాన వచ్చి కరెంటు పోతే, విప్పిన ఫోల్డర్‌ని మామూలు ఫోల్డరే అనుకుని చెత్తబుట్టలో పడెయ్యండి. అది పోదు, మీరు పోనివ్వరు, ఆ కుస్తీ రాత్రి దాకా నడుస్తుంది. వదిలేసిన మౌంట్లని శుభ్రం చేసే ఆదేశం డిస్మ్‌లోనే ఉన్నదన్న మాట ఎవరికీ చెప్పకండి. యూపీఎస్ బ్యాటరీ మార్చమని కూడా అనకండి, మనకి రావాల్సిన ఫార్మాట్లు తగ్గుతాయి.

మొదటి గదికే సున్నం

ఇన్‌స్టాల్ విమ్ అనే ఒకే ఫైల్లో హోమ్, ప్రో, ఎడ్యుకేషన్ అంటూ వేర్వేరు ఎడిషన్లు నంబర్ల వారీగా ఉంటాయి. ఏ నంబరుది ఆ నంబరుకి విడివిడిగా విప్పి అప్‌డేట్ చెయ్యాలి. మీరు ఒకటో నంబరు ఒక్కటే చెయ్యండి. అది సాధారణంగా హోమ్. ఆ తర్వాత అందరికీ ప్రో ఎక్కించండి.

ఇది కాక ఇంకో రెండున్నాయి. సెటప్ తెర లేపే బూట్ విమ్ ఒకటి, అందులో మళ్లీ రెండు నంబర్లు. సిస్టమ్ పాడైనప్పుడు ఆదుకునే రికవరీ ఇమేజ్ రెండోది, ఇన్‌స్టాల్ విమ్ లోపలెక్కడో సిస్టమ్32 కింద దాక్కుని ఉంటుంది. వీటి జోలికే వెళ్లకండి. విండోస్ 7 రోజుల్లో యూఎస్‌బీ 3 డ్రైవర్లని ఇన్‌స్టాల్ విమ్‌లో మాత్రమే కలిపి, బూట్ విమ్‌ని మర్చిపోయినవారి సెటప్ తెర చక్కగా లేచేది. "తర్వాత" అన్న బటన్ కనిపించేది. నొక్కుదామంటే మౌస్ కదలదు, కీబోర్డు పలకదు. బొమ్మలో భోజనం చూసినట్టే.

ఫైలు లావెక్కిందా?

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు దాంట్లో పట్టదు. అప్‌డేట్లు చేర్చిన ఇన్‌స్టాల్ విమ్ ఆ గీత ఇట్టే దాటేస్తుంది. దాన్ని ముక్కలుగా చీల్చే సదుపాయం డిస్మ్‌లో ఉంది, చీల్చిన ముక్కల్ని సెటప్ తనే కలుపుకుంటుంది. రూఫస్ అనే ప్రోగ్రాం అయితే ఎన్‌టీఎఫ్ఎస్‌తో కూడా పని కానిస్తుంది. మీరు ఈ రెండూ మానేసి ఇమేజ్‌నే చిక్కగొట్టండి. డిఫెండర్ పీకండి. రికవరీ పీకండి. విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్ అన్నిటికన్నా బరువు, అందులో సగం చేత్తోనే తీసిపారెయ్యండి. ఇకముందు వచ్చే ఏ అప్‌డేటైనా నిలబడాల్సింది ఆ ఫోల్డర్ మీదే. ఆఖర్న విండోస్ అప్‌డేట్ సర్వీసునే తీసేస్తే, అప్‌డేట్లు కలిపిన ఇమేజ్ అనే మన వ్యాసం పరిపూర్ణమవుతుంది.

సిసలైన ఆణిముత్యం

ఇంత కష్టమూ అక్కర్లేకుండా ఒక సిద్ధాన్నం ఉంది. 2024 అక్టోబరు, నవంబరు నెలల భద్రతా అప్‌డేట్లు కలిపిన సీడీతోనో పెన్‌డ్రైవ్‌తోనో విండోస్ 11 24హెచ్2 ఎక్కిస్తే, ఆ సిస్టమ్ ఆ తర్వాతి భద్రతా అప్‌డేట్లని తీసుకోలేని స్థితిలో చిక్కుకోవచ్చని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. డిసెంబరు 10 నాటి అప్‌డేట్ కలిపిన మీడియాతో మళ్లీ ఎక్కించమంది. ఏమిటా తొందర? అక్టోబరు ఇమేజ్ మీ దగ్గరుంటే బీరువాలో పెట్టుకోండి. కస్టమర్‌కి రీస్టార్ట్ గొడవ ఉండదు, బిల్లు కొడుతుండగా నీలం తెర మీద చుక్కలు తిరగవు. "మీరు వేసిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా విసిగించలేదండి" అని మెచ్చుకుంటారు.

గోస్ట్ కొట్టడం

ఒక సిస్టమ్‌ని అన్ని హంగులతో తయారుచేసి, దాన్నే కాపీ తీసి అందరికీ దింపడం మన షాపుల్లో పాత విద్య. కాపీ తీసే ముందు సిస్‌ప్రెప్ చెయ్యమంటారు. అలా చేస్తే ఆ సిస్టమ్‌కున్న ప్రత్యేక గుర్తింపు చెరిగి, దిగిన ప్రతిచోటా కొత్తది పుడుతుంది. చెయ్యకండి. ఒకే గుర్తింపు, ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు, ఊరంతా ఒకే కుటుంబం.

ఇన్నాళ్లూ ఇది చెల్లిపోయింది. 2025 ఆగస్టు 29 నుంచి వచ్చిన అప్‌డేట్లు పడిన విండోస్ 11 సిస్టమ్‌లు మాత్రం అదే గుర్తింపున్న తోటి సిస్టమ్‌ని గుమ్మంలోనే ఆపేస్తున్నాయి. రిమోట్ డెస్క్‌టాప్ ఒప్పదు, షేర్ చేసిన ఫోల్డర్ తెరుచుకోదు, పాస్‌వర్డు సరైనదే అయినా తప్పంటుంది. ఆఫీసులో రెండు సిస్టమ్‌లు పెట్టుకున్న నర్సరీ యజమాని ఫోన్ చేస్తే, "రౌటర్ వేడెక్కిందండి, కాసేపు ఆపి పెట్టండి" అనండి. ఆయ్, వేసవిలో ఆ మాట తిరుగులేనిది.

కాపీ ఎప్పుడు తియ్యాలో కూడా చెప్పాలి. కొత్తగా వేసిన వెంటనే కాదు, ఎవరైనా ఒక నెల వాడాక. అప్పటికి వైఫై పాస్‌వర్డ్లు, బ్రౌజర్లో దాచుకున్న బ్యాంకు లాగిన్, ఫలానా బుర్రిలంక ఆసామి బాకీ పద్దు అన్నీ అందులో చేరి ఉంటాయి. మర్నాడు వీరవరంలో దింపిన సిస్టమ్ తెరవగానే ఆ బాకీ పద్దు పలకరిస్తుంది. ఇరుగుపొరుగు మధ్య దాపరికాలు ఉండకూడదు కదండీ.

డీటీపీ వారి సంగతి వేరు. పెళ్లి శుభలేఖలు, ఫ్లెక్సీలు కొట్టే షాపుల్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఇప్పటికీ పాత విండోస్ మీదే నడుస్తున్నాయంటే అది బద్ధకం కాదు. ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లు యూనికోడ్‌లో లేవు, కొత్తదానికి మారితే అవన్నీ అక్కరకు రావు. అలాంటి సిస్టమ్‌ని నెట్టు పీకేసి, ఫైళ్లు మాత్రమే అటూ ఇటూ మోస్తూ వాడుకోవడమే తెలివైన పని. వారికి మన సలహా: నెట్టు వైరు తగిలించి, అదే సిస్టమ్‌లో ఈమెయిలు చూసుకోమనండి.

కొందరు పిల్లలు లైనక్స్ అంటారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారంటారు. డెబియన్ వాళ్లయితే సుమారు రెండు నెలలకోసారి అప్పటిదాకా వచ్చిన దిద్దుబాట్లన్నీ తామే కలిపి కొత్త ఐఎస్ఓ పెడతారట. ఇలాంటి మాటలు షాపులో అననివ్వకండి. కలిపే పనికి మనం తీసుకునే రెండొందలు ఏమైపోవాలి?

పెన్‌డ్రైవ్ మీద రాత

ఇమేజ్ తయారయ్యాక వర్చువల్ మెషీన్లో ఒకసారి ఎక్కించి, అప్‌డేట్ నొక్కి చూసి, ఆ తర్వాతే జనానికి వెయ్యాలని ఒక మాటుంది. ఉదయాన్నే వచ్చే మొదటి కస్టమర్ ఉండగా వర్చువల్ మెషీన్ ఎందుకు? పెన్‌డ్రైవ్ మీద తేదీ రాయకండి. తేదీ రాస్తే పాతబడుతుంది. మార్కరుతో "లేటెస్ట్" అని రాయండి. ఆ మాట ఎప్పటికీ పాతబడదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, అయినా చాలా షాపుల్లో లేటెస్ట్ ఇప్పటికీ అదే.

ఒక్క చిక్కుంది. 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరుతోంది. బ్లాక్‌లోటస్ అనే బూట్‌కిట్ దెబ్బకి పాత బూట్ ఫైళ్లని రద్దు చేసే పనీ 2023 నుంచి దశలవారీగా నడుస్తోంది. ఆ రద్దు పడిన సిస్టమ్‌కి మీ లేటెస్ట్ పెన్‌డ్రైవ్ పెడితే అది లేవదు. బూట్ ఫైళ్లు కొత్తవి పెట్టుకుంటే సరిపోయేదే. మీరు బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూటే ఆపెయ్యండి. అప్పుడు కొన్ని ల్యాప్‌టాప్‌లు, లోపలి డ్రైవ్ తెరవాలంటే 48 అంకెల రికవరీ కీ ఇమ్మంటాయి. ఆ కీ మీ దగ్గర ఉండదు. కస్టమర్ దగ్గరా ఉండదు. అది ఆయన మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉండొచ్చు. ఆ అకౌంటు ఎవరు తెరిచారంటే, రెండేళ్ల క్రితం మీరే, మీకు తోచిన పేరుతో.

కంగారు పడకండి. మూత తెరిచి, కాస్త దుమ్ము ఊది, తల అడ్డంగా ఊపి, "మదర్‌బోర్డు పోయిందండి గురువుగారూ, అయినా చూద్దాం, ఒక ఎస్ఎస్‌డీ వేయించండి" అనండి. ఆయన టీకి బయటికి వెళ్లగానే కొత్త ఎస్ఎస్‌డీ బిగించి, జేబులోంచి ఆ పెన్‌డ్రైవే తియ్యండి.